గచ్చపొదకి అందిన నీళ్ళు

పోయిన నెల గుడివాడలో ఒక కాలేజీవాళ్ళు నన్ను పిలిచి శాలువా కప్పారు. ఈ ఉక్కపోత దేశంలో ముసలిదాన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెడచుట్టూ ఉన్నిగుడ్డ చుట్టడం గౌరవమో పాతకక్షో నాకు ఇంతవరకూ తెలియలేదు. లెక్కల పాఠాలు చెప్పి చెప్పి రిటైరైనదాన్ని కదా, పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నా దగ్గర మంచి మాటలు లేవని ముందే చెప్పాను. వినయం అనుకున్నారు. ప్రిన్సిపాలు మెత్తటి మనిషి. మైకు పుచ్చుకుని, "మా పిల్లల సరాసరి మార్కు వింటే మేడమ్‌గారు ఆశ్చర్యపోతారు" అని ఒక అంకె చెప్పాడు. చప్పట్లు మోగాయి. ముందు వరుసల్లో ఫ్యాన్ల కింద ర్యాంకులొచ్చే బ్యాచి కూర్చుంది. వెనక గోడవారన, గాలి అందని చోట, రెండో బ్యాచి. రెండింటి మధ్యా ఎడ్లబండి పట్టేంత ఖాళీ వదిలారు.

"ఆ సరాసరి మార్కు సరిగ్గా ఎవరికొచ్చిందో ఆ పిల్లని ఒకసారి నిలబెట్టండి, చూస్తాను" అన్నాను.

ఎవరూ లేవలేదు. ముందువాళ్ళందరికీ అంతకంటే ఎక్కువే, వెనకవాళ్ళందరికీ తక్కువే. ప్రిన్సిపాలు నవ్వాడు. "అలా ఎవరో ఒకరుండాలని ఏముంది మేడమ్" అన్నాడు. నిజానికి ఆ రోజు ఆ హాల్లో పలికిన ఒకే ఒక్క సరైన లెక్కల మాట అది. అంతలో కుర్ర లెక్చరరు ఒకడు, నా ముందు తన చదువు చూపించుకోవాలని, "ఉండాలి కదండీ, మీన్ వాల్యూ థీరమ్ ప్రకారం" అని లేచి బోర్డు మీద రాయడం మొదలుపెట్టాడు. మామూలు థీరమ్ కూడా కాదు, విస్తరించిన రూపం రాశాడు. ఎత్తుని బరువుతో గుణించి మొత్తం కూడితే, ఆ కూడిక ఎక్కడో ఒకచోటి ఎత్తుని మొత్తం బరువుతో గుణించిన దానికి సమానం. దీనికి రెండు షరతులున్నాయి. ఎత్తు చెప్పే గీత ఎక్కడా తెగకూడదు. బరువు ఒకచోట ప్లస్సూ ఇంకోచోట మైనస్సూ కాకూడదు. వాడు రెంటినీ వదిలేశాడు.

"షరతులేవయ్యా?" అన్నాను.

"పరీక్షలో అడగరండీ" అన్నాడు, ధైర్యంగానే.

శాలువా తీసి కుర్చీకి తగిలించి పిల్లలకి ఆ రోజు చెప్పిన కథే ఇక్కడ రాస్తున్నాను. అక్కడ మొత్తం చెప్పలేదు, ఇక్కడ చెబుతాను.

మాది కోడూరుకి దిగువన, గాలి తిరిగితే సముద్రం వాసన వచ్చే ఊరు. ఆ రోజులు బంగారం అని రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళెవరూ కుళ్ళిన నారు వాసన చూసినవాళ్ళు కారు. మా ఇంటికి తాటాకు కప్పు. చూరుకి ఎండుచేపలు, చూరు కింద కోళ్ళు, కోళ్ళ పక్కన మేము. నాన్న పేరు యోహాను. పొద్దున్నే లేచి ఎవరితోనూ మాట్లాడకుండా కాలవకి వెళ్ళి, దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో వేసుకుని, పుక్కిలించి ఉమ్మేసేవాడు. ఇంటికొచ్చి "తీపి" అంటే ఆ రోజు ఇంట్లో మాటలుండేవి. "ఉప్పు" అంటే అమ్మ కుండలు చప్పుడు కాకుండా దింపేది. సముద్రం పోటెక్కితే కాలవ చివర ఉప్పు ఎక్కేది మరి. అమ్మ రూతమ్మ పుట్టిల్లు హంసలదీవి పక్క, చేపలు పట్టే పల్లె. నోటికి అదుపు లేదు. గుళ్ళో అయ్యగారు ప్రసంగం పొడిగిస్తే, "అయ్యగారూ, పిల్లలు ఆకలిమీదున్నారండీ, పరలోకం వచ్చే వారం చెప్పండి" అని లేచి అనేసింది ఒకసారి. నాకున్న నోరు అక్కడిదే.

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఓణీ వేసుకునే వయసులో, గుడి పక్క పాకలో, ముక్కు చీదుకునే పిల్లల మధ్య తాటిచెట్టులా కూర్చుని అ ఆలు దిద్దాను. అయ్యగారి భార్య పట్టుబట్టి దిద్దించింది. అంతకుముందు నా పని చేలో పిట్టల్ని తోలడం, గేదెల్ని తోలడం. ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని కాబట్టి ప్రతి మాటనీ అనుమానంగా చూసేదాన్ని. చిన్నప్పుడే చదువొచ్చినవాళ్ళకి ఆ అనుమానం ఉండదు. అచ్చులో ఉన్నదల్లా నిజమనుకుంటారు. తరగతులు దూకుతూ దూకుతూ మెట్రిక్ అయ్యి, బందరు కాలేజీలో లెక్కలు తీసుకునేసరికి, క్లాసులో అందరికన్నా పెద్దదాన్ని నేనే. కొత్తగా చేరిన ఒక ట్యూటరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు కూడా, ఎవరి తల్లో అనుకుని.

బందరులో పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. అమ్మకి అక్క, గుణానికి కాదు. పక్కింట్లో అద్దకంవాళ్ళుండేవారు. బెల్లంలో ఇనప తుప్పు ఊరేసిన తొట్టె పులిసిన వాసన, కరక్కాయ నీళ్ళలో ఆరేసిన గుడ్డల వగరు వాసన గోడ దాటి మా అన్నంలోకి వచ్చేవి. పెద్దమ్మ వడ్డన ఒక చూడవలసిన వ్యవహారం. చేపల పులుసు గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కొడుకులిద్దరికీ నడిమి ముక్కలు, పెదనాన్నకి తలకాయ, నాకు తోక. తోకకూడా ఎప్పుడో. గిన్నె బోర్లించి, "అమ్మయ్య, సరాసరిన అందరికీ వచ్చింది" అనేది. ఏ రోజూ తప్పకుండా. నేను ఆ మాటని అప్పటికి లెక్కల మాట అనుకోలేదు. తిట్టనుకున్నాను.

ఆ మొదటి ఏడే మా లెక్చరరు మామూలు థీరమ్ చెప్పాడు. చాక్‌పీసు దుమ్ము కోటుకి అంటకుండా చెయ్యి దూరంగా పెట్టి రాసే మనిషి. కళ్ళు కిటికీ మీద, నోరు పుస్తకం మీద. ఎక్కడా తెగని గీత ఒకటి ఉందనుకోండి, దాని కింద వైశాల్యాన్ని పొడవుతో భాగిస్తే సరాసరి ఎత్తు వస్తుంది, ఆ ఎత్తు గీత మీద ఎక్కడో ఒకచోట తప్పకుండా తగులుతుంది. "ఎక్కడండీ?" అని అడిగాను. "ఎక్కడో" అన్నాడు. "అంటే ఎక్కడండీ?" "ఉందని చెప్పడమే థీరమ్ పని. ఎక్కడుందో వెతుక్కోవడం దాని పని కాదు." క్లాసంతా నవ్వింది. అలాంటి మాట మా ఊళ్ళో ఎవడైనా అంటే, ఉందన్నవాణ్ణే చూపించమని పట్టుకునేవాళ్ళు.

ఆ వేసవి సెలవులకి ఇంటికి వెళ్ళాను. కాలవకి నీళ్ళు వదిలే రోజులు దగ్గరపడ్డాయి. మా పొలాల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. పాత వరదగట్టు ఒకటి అడ్డంగా ఉండేది. గట్టుకి ఒక పక్క పల్లం, పెద్ద ఆసామిది. రెండో పక్క మెరక, మా పేటవాళ్ళది. గట్టు పక్కనే పిల్లకాలవ, దానికి ఒక్కటే తూము. తూముకి చెక్కపలకలు వేస్తారు. పలకలు ఎక్కువ వేస్తే కాలవలో నీళ్ళు పైకి నిలిచి మా మెరకకి ఎక్కుతాయి, ఆసామి నారుమడి ములుగుతుంది. తక్కువ వేస్తే ఆయనకి హాయి, మాకు మట్టి పగుళ్ళు. ఏటా అక్కడ పారలు లేచేవి. ఆ ఏడు మా నాన్న తొలకరి తడికే నారు పోశాడు. అది బతికితే నేను రెండో ఏడు చదవడానికి బందరు వెళతాను, లేకపోతే లేదు. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నాన్న కాలవనీళ్ళు ఉమ్మేసి ఇంటికొచ్చి నా వైపు చూసే చూపులో ఉండేది.

తగువు తేల్చడానికి కాలవల ఓవర్సీరు వచ్చాడు. గాగుల్సు, సోలా టోపీ, వెనకాల గీతల కర్ర మోస్తూ ఒకడు, మూడుకాళ్ళ మీద నిలబెట్టే మట్టంపెట్టె మోస్తూ ఇంకొకడు. ఆసామి గొడుగు కింద నిలబడ్డాడు. మేమంతా గట్టు మీద నిలబడ్డాం. ఓవర్సీరు అటూ ఇటూ మట్టాలు తీయించి, చెట్టునీడన కూర్చుని, చాలాసేపు కూడి భాగించి లేచాడు.

"నాకు పల్లమూ లేదు మెరకా లేదు. నేల మొత్తానికి సరాసరి మట్టం తీశాను. దానికి తగ్గట్టు పలకలు వేయిస్తాను. ఇది మీన్ వాల్యూ. దీనికి తిరుగులేదు" అన్నాడు.

"మీనమా? చేపల ధరెందుకండీ ఇప్పుడు?" అంది అమ్మ.

"మీనమేషాలు లెక్కపెడుతున్నాడులే రూతమ్మా" అన్నాడు ఆసామి. ఆయన మనుషులు నవ్వారు.

ఓవర్సీరుకి పౌరుషం వచ్చింది. నేల ఎక్కడా తెగని వస్తువట, కాబట్టి ఆ సరాసరి మట్టం ఈ పొలాల్లోనే ఎక్కడో ఒకచోట సరిగ్గా ఉండి తీరుతుందట, ఆ చోటు అందరికీ చూపించి, అక్కడ చీలమండ లోతు నీళ్ళు నిలిచేలా పలకలు వేస్తే అదే న్యాయమట. "పదండి, చూపిస్తాను" అని దిగాడు. ఆ మిట్టమధ్యాహ్నం నడక నేను చచ్చేదాకా మరచిపోను. కర్ర పల్లంలో పెడితే ఎత్తు చాలదు. ఇంకొంచెం ముందుకి. చాలదు. ఆ మూల, ఈ మూల, పల్లమంతా తిరిగారు, ఎక్కడా చాలదు. గట్టెక్కి మా మెరకలోకి దిగారు. ఇక్కడ ఎక్కువ. నాన్న నారుమడి గట్టున పెట్టారు, ఎక్కువ. మట్టి తవ్విన గోతుల దగ్గర పెట్టారు, అక్కడా ఎక్కువే. ఓవర్సీరు టోపీ తీసి విసురుకుంటున్నాడు. కర్ర మోసేవాడు, "బాబూ, ఉందంటారా?" అన్నాడు. "ఉండి తీరాలిరా, పుస్తకంలో ఉంది" అన్నాడు ఈయన.

ఉంది. చివరికి దొరికింది. వరదగట్టు వాలులో, నిలువునా పెరిగిన గచ్చపొద నడుమ. ముళ్ళు గుచ్చుకుని కర్రవాడు కేక పెట్టాడు. ఓవర్సీరు మట్టంపెట్టెలో చూసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసి, పండగ చేసుకున్నాడు. "చూశారా! సరిగ్గా ఇక్కడే!" అని. పల్లమంతా కిందే, మెరకంతా పైనే. ఆ రెంటికీ మధ్య ఉన్న నేలంటూ గట్టు వాలే కదా. సరాసరి అక్కడ కాక ఇంకెక్కడ దొరుకుతుంది? థీరమ్ నెగ్గింది. అది ఎప్పుడూ నెగ్గుతుంది, అదే దాంట్లో నాకు నచ్చనిది.

"ఓవర్సీరు బాబుగారూ" అంది అమ్మ, "ఆ గచ్చపొద ఎప్పుడన్నా శిస్తు కట్టిందాండీ?"

ఈసారి మా వాళ్ళు నవ్వారు. ఆసామి నవ్వలేదు. ఆయన తెలివైనవాడు. నవ్వులు ఆగేదాకా ఆగి, "అయ్యా, మీ లెక్కలో ఒక లోటుంది. నా ఎకరం పంటా వాళ్ళ చవిటి ఎకరం పంటా ఒకటేనా? పండే నేలకి కాస్త బరువివ్వద్దూ?" అన్నాడు. ఓవర్సీరు మొహం వెలిగింది. దానికీ ఉందట థీరమ్, విస్తరించిన రూపమట, ఒక్కో చోటి ఎత్తుని అక్కడి బరువుతో గుణించాలట. మళ్ళీ నీడన కూర్చున్నాడు, మళ్ళీ కూడాడు. కొత్త సరాసరి కిందికి జారింది. కర్రవాడు ఏడుపు మొహంతో మళ్ళీ పొదలోకి వెళ్ళాడు. ఇంతకుముందు పొద నడుమ ఉన్న చోటు ఇప్పుడు పొద మొదట్లోకి దిగింది, అంతే. ఎంత బరువిచ్చినా ఆ చోటు ముళ్ళలోంచి బయటికి రాదు. కానీ పలకలు మాత్రం తగ్గాయి.

నాకు ఉండబట్టలేదు. "అండీ, గట్టు దగ్గర విడదీసి చూడండి. పల్లానికి ఒక సరాసరి, మెరకకి ఒక సరాసరి. రెండు తూములు పెట్టండి. అప్పుడు ఆ మట్టాలు చేలోనే పడతాయి, పొదల్లో కాదు" అన్నాను.

ఆయన గాగుల్సు తీసి నన్ను చూశాడు. "నువ్వు చదువుకున్నదానివా?"

"బందరులో చదువుతున్నానండి. లెక్కలే."

"అయితే చెప్పు. నేను చెప్పిన థీరమ్ తప్పా?"

"తప్పు కాదండి."

"మరి నోరు మూసుకో" అన్నాడు.

నాన్న నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. చుట్టూ ఉన్న మా పేట పెద్దలు, రోజూ కాలవగట్టున కూర్చుని చుట్టలు కాలుస్తూ ఆసామిని బూతులు తిట్టేవాళ్ళు, ఒక్కడు నా వైపు మాట్లాడితే ఒట్టు. "పెద్దాయన లెక్కేశాడు కదమ్మాయ్" అన్నాడొకాయన. ఆ పెద్దల్ని నేను గౌరవించాలని ఇప్పుడు సభల్లో చెబుతుంటారు. గౌరవించను.

పలకలు వేశారు. నీళ్ళు వదిలారు. గచ్చపొద మొదట్లో నీళ్ళు నిలిచాయి, ఓవర్సీరు చెప్పిన చీలమండ లోతున, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఆసామి నారు కళకళలాడింది. చేలోకి నీళ్ళు మళ్ళించే మా మడవ నోరు నీటికి జానెడు పైన ఆరిపోయి పడి ఉంది. అమ్మా నేనూ కుండలతో మోశాం. కుండనీళ్ళకి నారు బతకదు. ముందు కొసలు పసుపు, తరవాత ఎరుపు, తరవాత గేదెలు కూడా ముట్టని గడ్డి. నాన్న పొద్దున్నే కాలవకి వెళ్ళడం మానేశాడు. తీపైతే ఏం, ఉప్పైతే ఏం, మాకు అందనివి. కాలేజీలు తెరిచారు. నేను వెళ్ళలేదు. ఆ ఏడంతా ఆసామి పల్లంలో ఊడ్పులకి వెళ్ళాను. ఒంగి నాట్లు వేస్తూ తల ఎత్తినప్పుడల్లా గట్టు వాలులో గచ్చపొద కనబడేది. ఊళ్ళో అంత పచ్చగా ఉన్నది ఇంకేదీ లేదు. పూలు కూడా పూసింది.

పై ఏడు అమ్మ కోళ్ళనీ చూరునున్న ఎండుచేపల్నీ చెవులనున్న కమ్మల్నీ అమ్మేసి నన్ను బందరు బస్సెక్కించింది. అక్కడ అదే లెక్చరరు, అదే కోటు, విస్తరించిన రూపం చెప్పాడు. బరువు గుర్తు మారకూడదు అన్నాడు. క్లాసులో ఎవరికీ ఎందుకో తెలియలేదు. నాకు చటుక్కున తెలిసింది. పెద్దమ్మ ఇంట్లో కొడుకులు ప్లస్సు, నేను మైనస్సు. అలా కూడితే ఆ ఇంట్లో మొత్తం బరువు సున్నా కావచ్చు, అయినా గిన్నె ఖాళీ కావచ్చు. అప్పుడు సరాసరి అనేది ఏ కంచంలోనూ ఉండదు, మాట ఒక్కటే ఉంటుంది. లేచి ఈ ముక్కా, గచ్చపొద ముక్కా రెండూ చెప్పాను. ఆయన మొదటిసారి కిటికీలోంచి చూపు తిప్పి నన్ను చూశాడు. "బాగానే ఉందమ్మా. పరీక్షలో మాత్రం గచ్చపొద అని రాయకు" అన్నాడు. ఇన్నేళ్ళ తరవాత గుడివాడ కుర్రాడిది కూడా అదే పాట. కాకపోతే అప్పటి మనిషికి షరతులు నోటికి వచ్చు, ఎందుకో తెలియదు. ఇప్పటివాడికి అవి ఉన్నాయన్న బెంగ కూడా లేదు. అదీ ఈ మధ్యకాలంలో మనం సాధించిన అభివృద్ధి.

ఇంత వివరంగా కాదుగానీ, కథ గుడివాడ పిల్లలకి చెప్పాను. నారు ఎండిందన్న దాకా చెప్పి ఆపాను. "మార్కులు నేలలాంటివి కావు, ఒక మార్కుకీ ఇంకో మార్కుకీ మధ్య తెగిపోయి ఉంటాయి. అందుకే మీ సరాసరికి గచ్చపొద కూడా దొరకలేదు" అన్నాను. ముందు బ్యాచి మర్యాదగా నవ్వింది. ప్రిన్సిపాలు గడియారం చూసుకున్నాడు. కుర్ర లెక్చరరు బోర్డు తుడిచేశాడు. వందన సమర్పణకి ఎవరో మైకు దగ్గరికి వస్తుండగా వెనక గోడవార నుంచి ఒక పిల్ల లేచింది. మాసిన యూనిఫాం, నూనె పెట్టి గట్టిగా బిగించిన జడలు.

"మేడమ్, మరి మీ చేనికి నీళ్ళు ఎప్పుడొచ్చాయండీ?"

ఇన్ని సభల్లో ఈ కథ చెప్పాను. థీరమ్ గురించి అడిగారు, ఓవర్సీరు గురించి అడిగారు, అమ్మ నోటి గురించి అడిగి నవ్వారు. ఈ మాట ఎవరూ అడగలేదు.

"ఆసామి తన అల్లుడికి మా మెరకలో కొంత కొనిచ్చాడమ్మా" అన్నాను. "మరుసటి పంటకల్లా రెండో తూము పడింది. ఆ ఓవర్సీరే వచ్చి పెట్టించాడు. అప్పుడు ఏ థీరమూ చెప్పలేదు."

హాలంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. నిలబడే ఉంది.

"నీది ఏ బ్యాచే అమ్మాయ్?" అన్నాను.

ఒకసారి ముందు వరుసల మీద తిరుగుతున్న ఫ్యాన్ల వైపు చూసింది.

"మెరకండీ" అంది.